అర్జీలు నేర్పిన పౌరశాస్త్రం
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నాకు అప్పగించిన విషయం ‘పౌరసత్వం - రాజకీయ చైతన్యం’. నిజానికి ఇది కాలేజీలో పాఠాలు చెప్పినవారు మాట్లాడవలసిన అంశం. నేను 1972లో నెల్లూరు జిల్లా రెవెన్యూ శాఖలో దిగువ తరగతి గుమస్తాగా చేరి 2008లో బయటికి వచ్చినవాణ్ణి. నేను క్షుణ్ణంగా చదివిన గ్రంథాలు రెండే. ఒకటి తపాలు రిజిస్టరు, రెండోది పర్సనల్ రిజిస్టరు. కనుక ఆ రెండింట్లో నాకు కనబడినంత మేరకే మాట్లాడతాను. సర్కారు ముందు నిలబడినప్పుడు మనిషి తనను తాను ఎవరనుకుంటాడో అతని అర్జీ చూస్తే తెలుస్తుంది. ముప్ఫై ఆరేళ్ళు అర్జీలు విప్పి నంబర్లు వేసినవాడిగా ఆ మాట ధైర్యంగా చెప్పగలను.

నేను చేరిన కొత్తలో తాలూకా కచేరికి వచ్చే అర్జీలు మీలో చాలామందికి జ్ఞాపకం ఉండే ఉంటాయి. కచేరి ఆవరణలో వేపచెట్టు కింద చిన్న పెట్టె ముందు పెట్టుకుని ఒకాయన కూర్చునేవాడు. వచ్చినవాళ్ళు నోటితో చెప్పుకుంటే ఆయన కాగితం మీద పెట్టేవాడు. ‘మ.రా.రా.శ్రీ’ అని మొదలయ్యేది. ‘దొరవారి దివ్యసముఖమునకు’ అని సాగేది. చివర ‘తమ దయ ఉండవలెను, చిత్తగించవలెను’ అని ముగిసేది. దాని కింద ఒక వేలిముద్ర. దొరలు వెళ్ళిపోయి అప్పటికి పాతికేళ్ళయింది, మా తహశీల్దారు గారు స్వయంగా ఒక పంతులు గారి అబ్బాయి. అయినా అర్జీలో దొర కుర్చీ దిగలేదు.

అడిగేదేమిటయ్యా అంటే, శిస్తు కట్టిన రసీదు తాలూకు సంగతో, తండ్రి పోయాక భూమి తన పేర మార్చమనో, పట్టా నకలు ఇప్పించమనో. చట్ట ప్రకారం అతనికి దక్కవలసిందే. ఇవ్వకపోతే తప్పు మాది. అయినా ‘తమ దయ’ అనే రాయించుకునేవాడు. లోపలికి వచ్చేటప్పుడు చెప్పులు గుమ్మం బయట విడిచేవాడు, భుజం మీది తువ్వాలు నడుముకు చేరేది. ఆడమనిషి అర్జీ అయితే ఆమె పేరుకు ముందు భర్త పేరో కొడుకు పేరో ఉండి తీరాలి. ఒంటరిగా ఆడమనిషి పేరు మీద వచ్చిన అర్జీ ఒక వారంలో రెండు చూస్తే ఎక్కువ.

అదే మనిషి ఎన్నికలొచ్చినప్పుడు వేరుగా ఉండేవాడు. నులకమంచం మీద కాలు మీద కాలు వేసుకుని కూర్చుంటే, ఎదురుగా నిలబడి దండం పెట్టేది అభ్యర్థి. అయిదేళ్ళలో ఒక పదిహేను రోజులు ఆ మంచం మీద, మిగతా రోజులన్నీ వేపచెట్టు కింద. ఈ రెండింట్లో అసలు మనిషి ఎవరు? నాకు తోచిన జవాబు ఏమంటే, ఇద్దరూ అతనే, రెండు వేషాలూ అతనికి ఎవరో నేర్పినవే.

ఎవరు నేర్పారు? మొట్టమొదట ఇల్లు. మా నాయన 1952 ఎన్నికల ముచ్చట చెబుతూ ఉండేవాడు. అంతకు ముందు ఓటంటే పన్ను కట్టేవాళ్ళకూ, ఆస్తి ఉన్నవాళ్ళకూ, ఏదో కొంత చదువున్నవాళ్ళకూ. ఊళ్ళో పట్టుమని పదిమంది పోయి వేసి వచ్చేవారట. ఆ ఎన్నికల్లో ఇరవై ఒక్కేళ్ళు నిండిన ప్రతివాడికీ ప్రతి ఆడదానికీ ఓటన్నారు. దేశం మొత్తం మీద 17 కోట్ల మందికి పైగా ఓటర్లు. చదువురానివారే ఎక్కువ గనుక ప్రతి అభ్యర్థికీ ఒక పెట్టె, పెట్టె మీద గుర్తు బొమ్మ. కాగితం మీద ముద్ర వేసే పని లేదు. నచ్చిన బొమ్మ ఉన్న పెట్టెలో చీటీ వేసి రావడమే. కాడెద్దులు, కంకి కొడవలి, గుడిసె. మా ఇల్లు ‘కాడెద్దుల ఇల్లు’. నాయన కాడెద్దులన్నాడు కనుక అమ్మ కాడెద్దులే, నాయనమ్మ కాడెద్దులే. నాకు ఓటు రావడానికి పదిహేనేళ్ళు ముందే నాదీ ఆ గుర్తే అని ఊరందరికీ తెలుసు. వీధి చివరి ఇల్లు కంకి కొడవలి ఇల్లు. ఆ ఇంటి పిల్లలతో మేము గోళీలాడుతూ కూడా రెండు పార్టీలుగా విడిపోయేవాళ్ళం. మాకు సిద్ధాంతాలేం తెలుసు? కులం వచ్చినట్టే, ఇంటిపేరు వచ్చినట్టే గుర్తు కూడా వచ్చింది.

రెండోది బడి. జెండా, జనగణమన, ఆగస్టు పదిహేనున పిప్పరమెంటు బిళ్ళలు. ఎనిమిదో తరగతిలో పౌరశాస్త్రం. రాష్ట్రపతి వయస్సు కనీసం ఎంత ఉండాలో బట్టీ పట్టాం. కచేరికి వెళితే కుర్చీ వెయ్యమని అడగవచ్చునని మాత్రం ఆ పుస్తకంలో లేదు. బడి గురించి ఇంతకంటే చెప్పేదేమీ లేదు.

మూడోది, నా దృష్టిలో అన్నిటికంటే పెద్దది, కచేరీయే. మనమే. మనిషి పౌరశాస్త్రం నేర్చుకునేది కౌంటరు ముందు. కూర్చో అంటే ఒక పాఠం, రేపు రా అంటే ఇంకో పాఠం. ‘దేవుడు వరమిచ్చినా పూజారి వరమియ్యడు’ అనే సామెతను జనం మన ముఖాలు చూసే వాడుకున్నారు. ఇక్కడ కూర్చున్నవాళ్ళలో మంచి పూజారులూ ఉన్నారు, ఆ సంగతి నాకు తెలుసు. అయినా సామెత ఊరికే పుట్టదు.

ఎన్నికల విధుల గురించి ఒక మాట. 1978 ఫిబ్రవరి శాసనసభ ఎన్నికల్లో నేను మొదటి పోలింగు అధికారిని. జాబితా నా చేతిలో ఉంటుంది. ఓటరు వచ్చినప్పుడు పేరు పైకి చదవాలి, ఏజెంట్లు వినాలి. ఆడవాళ్ళు తమ పేరు చెప్పేవారు గానీ మొగుడి పేరు అడిగితే నోరు మెదిపేవారు కాదు. ‘మీ ఆయన పేరేందమ్మా?’ అంటే ‘కొండ మీద సామి పేరే సార్’ అనేది ఒకామె. వెంకటేశ్వర్లు అని మనం అర్థం చేసుకోవాలి. ఇంకొకామె ‘రావణాసురుణ్ణి చంపినాయన పేరు’ అంది. ఏజెంట్లు నవ్వారు, ఆమె కూడా నవ్వింది. మొదటి ఎన్నికలప్పుడు ఉత్తరాదిన దీనికంటే పెద్ద చిక్కే వచ్చింది. అక్కడ చాలామంది ఆడవాళ్ళు సొంత పేరు చెప్పక, ఫలానావాడి భార్య, ఫలానావాడి తల్లి అని రాయించుకున్నారు. అలా రాయడం కుదరదని అప్పటి ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ గారు పట్టుబట్టారు. పేర్లు చెప్పనివారిని, సుమారు 28 లక్షల మందిని, జాబితా నుంచి తొలగించారు. కఠినంగానే అనిపిస్తుంది. కానీ ఆ తరువాతి ఎన్నికలకు వాళ్ళు పేర్లు చెప్పడం నేర్చుకోవలసి వచ్చింది. ఓటర్ల జాబితాలో ఒక ఆడమనిషికి వరుస నంబరూ, సొంత పేరూ ఉండడం ఎంత పెద్ద సంగతో, ఆ రోజు ఆ బెంచీ మీద కూర్చున్నప్పుడే నాకు బోధపడింది. పట్టాలో పేరు లేదు, రేషను కార్డుకు పెద్ద ఆమె కాదు, అర్జీలో తోక పేరు. సర్కారు పుస్తకాలన్నిటిలోకీ ఆమె తనంతట తానుగా కనబడే పుస్తకం అదొక్కటే.

ఆ తరువాత మార్పులు త్వరగా వచ్చాయి. 1983లో కొత్త పార్టీ గెలవడం, 1984లో కరణం మునసబు పదవుల రద్దు, 1985లో తాలూకాలు పోయి వెయ్యికి పైగా మండలాలు రావడం మీకందరికీ తెలుసు. రాజకీయాల మంచిచెడ్డలు వదిలేద్దాం. మా శాఖలో చూసినది చెబుతాను. అంతవరకూ పల్లెలో సర్కారంటే ఒక ఇంటి అరుగు. అది వంశపారంపర్యం. ఆ అరుగు మీదివారికి కోపం వస్తే అడంగల్లో పేరు ఒక గడి పక్కకు జరిగేది. అది పోయింది. పోతూ పోతూ ఊరి సరిహద్దు రాళ్ళెక్కడున్నాయో నోటికి చెప్పగల జ్ఞానం కూడా పోయింది. ఆ దెబ్బ భూమి రికార్డుల మీద ఎన్నాళ్ళో కనబడింది, ఆ మాటా చెప్పాలి. కానీ మండలం దగ్గరయ్యాక రోజు కూలి పోగొట్టుకోకుండా వచ్చి అడిగిపోయేవాళ్ళు పెరిగారు. ‘దొరవారు’ అన్న మాట అర్జీల్లో పలచబడడం నేను గమనించింది ఆ నాలుగైదేళ్ళలోనే. అదే 1983లో మా ఇంట్లో మొదటిసారి ఓట్లు చీలాయి. మా అమ్మ నాయనకు చెప్పకుండా వేరే గుర్తుకు వేసింది. ఎవరికి వేశావే అని ఆయన అడిగితే ‘పెట్టెలో వేశాను’ అని మజ్జిగ వడ్డించింది.

1969, 1972 ఉద్యమాల గురించి కూడా మాట్లాడమని ఒక మిత్రుడు చీటీ పంపారు. ఆ రెండూ మొదలుపెడితే ఈ హాల్లో మధ్యాహ్న భోజనం ఎవరికీ సహించదు. క్షమించాలి.

ఇప్పుడు నేను ముఖ్యంగా చెప్పదలుచుకున్న సంగతికి వస్తాను. 1991లో మా జిల్లాలో అక్షరదీపం పేరుతో సంపూర్ణ అక్షరాస్యతా కార్యక్రమం మొదలయింది. రాత్రి ఏడు గంటలకు వీధి దీపం కిందో, బడి వరండాలోనో తరగతి. చెప్పేది ఊళ్ళో పదో తరగతి చదివిన కుర్రవాడో కుర్రదో. వచ్చేవాళ్ళు చాలావరకు కూలి చేసుకునే ఆడవాళ్ళు. మా ఆఫీసులో చాలామంది ఇది కాగితాల కార్యక్రమమే అనుకున్నారు. ‘మొక్కై వంగనిది మానై వంగునా’ అని మా హెడ్ గుమస్తా గారు రోజుకొకసారి అనేవారు. నలభై ఏళ్ళ మనిషికి అ ఆలు వస్తాయా అని.

అ ఆలతో పాటు వాచకంలో వాళ్ళ బతుకు కథలే ఉండేవి. తాగి వచ్చి కొట్టే మొగుడు, కూలి డబ్బంతా సారా అంగడికి పోవడం, పస్తులు. పాఠం చదివాక చర్చ. రోజూ ఎవరింట్లో వాళ్ళు ఏడ్చుకునే సంగతిని ఇరవై మంది ఒక దీపం కింద కూర్చుని మాట్లాడుకోవడం అదే మొదలు. నా కర్మ అనుకున్నది ఇరవై ఇళ్ళలోనూ ఉందని తెలిసినప్పుడు అది కర్మ ఎలా అవుతుంది? కర్మకు అర్జీ పెట్టుకోలేం, సారా అంగడి మీద పెట్టుకోవచ్చు. అంగడి లైసెన్సు ఇచ్చేది సర్కారు, వేలం వేసేది సర్కారు. ‘వారుణి వాహిని’ పేరుతో సారా ప్యాకెట్లలో ఊళ్ళోకి నడిచి వస్తున్నది. దూబగుంట అనే పల్లెలో రోశమ్మ అనే కూలి మనిషి ముందు నిలబడింది, మిగిలినవాళ్ళు వెనక నడిచారు, ఊళ్ళో సారా అంగడి మూయించారు. ఆ కథ తరువాతి వాచకంలో పాఠంగా వచ్చింది. ఆ పాఠం ఊరూరా చదివారు. పక్క ఊరి ఆడవాళ్ళు ‘దూబగుంటలో చేస్తే మనమెందుకు చెయ్యకూడదు?’ అన్నారు. చదువు చెప్పడానికి పెట్టిన పుస్తకం ఇంత పని చేస్తుందని దాన్ని అచ్చు వేసినవాళ్ళు కూడా అనుకుని ఉండరు.

ఇందులో ఒక విచిత్రం ఉంది. అక్షరాలు నేర్పింది సర్కారే, సారా అమ్మింది సర్కారే. ఒకే తపాలులో రెండు రకాల కాగితాలూ చూసేవాణ్ణి. ఎన్ని కేంద్రాలు, ఎంతమంది అక్షరాస్యులు అన్న నివేదిక ఒకటి. సారా పాటల ప్రకటన ఇంకొకటి. సారా మీద రాష్ట్రానికి వచ్చే ఆదాయం అప్పటికి ఏటా ఎనిమిది వందల కోట్ల పైచిలుకు. ఖజానాకు అది ఎంత తియ్యటి పాలో ఊహించుకోండి. 1992లో పాటలు జరగబోతే ఆడవాళ్ళు వేలాదిగా వచ్చి అడ్డుకున్నారు. పాటలు వాయిదా పడ్డాయి, మళ్ళీ పెట్టారు, మళ్ళీ వాయిదా పడ్డాయి.

ఆ రోజుల్లోనే ఒక సోమవారం నా బల్ల మీదికి ఒక అర్జీ వచ్చింది. రూళ్ళ కాగితం. వేపచెట్టు కింది ఆయన చేతిరాత కాదు. అక్షరాలు ఒకటి పెద్దవి, ఒకటి చిన్నవి, గీత మీద నిలబడక జారుతున్నాయి. మ.రా.రా.శ్రీ లేదు. దివ్యసముఖం లేదు. ‘మా ఊళ్ళో సారా అంగడి వద్దు. తీసేయాలి’ అని రెండే వాక్యాలు. తమ దయ అన్న మాట ఎక్కడా లేదు. కింద ముప్ఫై దాకా సంతకాలు, ఒక్క వేలిముద్ర కూడా లేదు. ప్రతి సంతకమూ సొంత పేరు, ఎవరి భార్య అన్నది ఎక్కడా రాయలేదు. దానికి నంబరు వేసి పైకి పంపడానికి ముందు నేను రెండుసార్లు చదివాను. మా హెడ్ గుమస్తా గారికి చూపిస్తే ‘మర్యాద లేదయ్యా’ అన్నారు. కాసేపటికి ఆయనే ‘సంతకాలు మాత్రం బాగా నేర్చారు’ అన్నారు. ఆ తరువాత మానుల మీద సామెత ఆయన నోట నేను వినలేదు.

1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలో సారా నిషేధం. అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా. 1994 డిసెంబరు ఎన్నికల్లో మద్యపాన నిషేధం పెద్ద వాగ్దానమై కూర్చుంది, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చింది. 1997లో దాన్ని సడలించారు. ఇప్పుడు ప్రతి కూడలిలోనూ మద్యం దుకాణం ఉంది, అంతా వృథా అయింది కదా అని నాతో వాదించినవారున్నారు. నేను ఒప్పుకోను. సీసా తిరిగి వచ్చిన మాట నిజమే. సంతకం మాత్రం మళ్ళీ వేలిముద్ర కాలేదు. అవే ఊళ్ళలో అవే ఆడవాళ్ళు ‘పొదుపు లక్ష్మి’ పేరుతో రోజుకొక రూపాయి దాచడం మొదలుపెట్టారు. బ్యాంకుకు వెళ్ళి కుర్చీలో కూర్చుని పాసుపుస్తకం చూపించి అడిగారు. కుర్చీలో కూర్చున్న మాట మళ్ళీ చెబుతున్నాను, ఎందుకంటే వాళ్ళ మొగుళ్ళు అదే బ్యాంకు గుమ్మంలో నిలబడేవారు.

1995 పంచాయతీ ఎన్నికల్లో మూడో వంతు స్థానాలు ఆడవాళ్ళకు వచ్చాయి. మొదట్లో ‘సర్పంచి గారి భర్త’ అనే ఒక కొత్త హోదా పుట్టింది. మీటింగుకు ఆయన వచ్చేవాడు, రిజిస్టరు ఇంటికి పోయి సంతకమై వచ్చేది. నవ్వుకున్నాం. కానీ నేను పనిచేసిన మండలంలో ఒకామె రెండేళ్ళు ఇంట్లోనే సంతకం చేసి, మూడో ఏడు తానే మీటింగుకు వచ్చింది. ‘ఏమ్మా, ఆయన రాలేదా?’ అని అడిగితే ‘ఆయన గెలవలేదు కదా సార్, నేను గెలిచాను’ అంది. 2011లో మన రాష్ట్రంలో ఆ మూడో వంతు సగమయింది. భర్తల పెత్తనం పూర్తిగా పోయిందని అనను, తగ్గిందని మాత్రం అంటాను.

2005లో సమాచార హక్కు చట్టం వచ్చినప్పుడు మా ఆఫీసులో కొంత కలవరం. మండల స్థాయిలో అయిదు రూపాయలు, గ్రామ స్థాయిలో అసలు రుసుమే లేదు. ముప్ఫై రోజుల్లో జవాబివ్వాలి. ఎందుకు కావాలి అని మాత్రం మనం అడగకూడదు. ‘ఎందుకు నీకు?’ అన్నది తరతరాలుగా కచేరి అడిగే మొదటి ప్రశ్న. ఆ ప్రశ్న నోట్లోనే ఆపుకోవడం మావాళ్ళకు చాలా కష్టమయింది.

ఇంతవరకూ జనం గురించి చెప్పాను. మన గురించి కూడా చెప్పకపోతే అన్యాయం.

ఈ రోజు డిసెంబరు 17. 1982లో ఇదే రోజున నకారా గారి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు ఇచ్చింది. ఆయన రక్షణ శాఖ ఆర్థిక సలహాదారుగా 1972లో రిటైరైన పెద్దమనిషి. 1979 మార్చి 31 తరువాత రిటైరైనవారికి ఒక లెక్క, అంతకు ముందువారికి ఇంకో లెక్కా అని ఆయన అడిగారు. చంద్రచూడ్ గారు ప్రధాన న్యాయమూర్తి, తీర్పు రాసినవారు దేశాయి గారు. యజమాని దయతలచి విదిల్చే దానం కాదు పెన్షను, చేసిన కొలువుకు దక్కవలసిన హక్కు అని చెప్పారు. వృద్ధాప్యంలో మనిషి గౌరవంగా బతకడానికి సమాజం కల్పించే భద్రత అని కూడా చెప్పారు. అంతకు ముందు మన సంఘాల వినతిపత్రాలు ఎలా ఉండేవో పాత ఫైళ్ళు ఉంటే తీసి చూడండి. ‘కరుణించవలసిందిగా ప్రార్థన’ అనే ఉండేది. మనమూ వేపచెట్టు కిందివాళ్ళమే. మనల్ని అక్కడి నుంచి లేపినది ఆ తీర్పు, దాని కోసం చందాలేసుకుని తిరిగిన సంఘాలు. నెల్లూరు ఆడవాళ్ళకు రాత్రి బడి ఎలాగో మనకు సంఘం అలాగ.

అందుకే మనవాళ్ళలో కొందరి మాటలు వింటే నాకు బాధ వేస్తుంది. డి.ఎ. మూడు నెలలు ఆలస్యమైతే హక్కు అంటాం. కూలివాడికి చౌక బియ్యం, ముసలమ్మకు నెలకింత పింఛను ఇస్తే ‘ఉచితాలు, దేశం పాడైపోతోంది’ అంటాం. పార్కులో ఉదయం నడకలో ఇదే మాట, వాట్సాప్‌లో ఇదే మాట. ఎంత ఇవ్వాలి, ఖజానా తట్టుకుంటుందా అన్నది న్యాయమైన ప్రశ్నే, అది మన పెన్షనుకూ వర్తిస్తుంది. కానీ నలభై ఏళ్ళు నారు నాటిన మనిషికి కొలువు రిజిస్టరు లేదు, అంతే తేడా. దేశానికి ఆమె చేసిన సేవ మన ఫైళ్ళ కంటే తక్కువదా? నకారా తీర్పులోని సామాజిక భద్రత అన్న మాట ఆమెకు ఎందుకు పట్టదు?

అయితే అవతలి వైపు కూడా ఒక జబ్బు ఉంది. పథకాల పేర్లు చూడండి. 2015లో సంక్రాంతి సరుకులకు ‘చంద్రన్న కానుక’, 2019 తరువాత ముసలివాళ్ళ పింఛనుకు ‘వై.ఎస్.ఆర్. పెన్షన్ కానుక’. పార్టీలు వేరైనా కానుక అన్న మాట ఒకటే. కానుక అంటే ఇచ్చేవాడి ఇష్టం. తీసుకునేవాడు లబ్ధిదారుడు. పౌరుడు అన్న మాటను పక్కకు నెట్టి లబ్ధిదారుడు అన్న మాట కచేరి కాగితాల్లోకి వచ్చి కూర్చుంది. సర్కారు సొమ్మును కానుక అన్నారంటే ‘తమ దయ’ వేరే దారిలో తిరిగి వస్తున్నదని నాకు అనుమానం. ఈ మధ్య మా వీధిలో ఒక ముసలాయన ‘ఆయన డబ్బులిస్తున్నాడు’ అన్నాడు. ‘ఆయనెవరు?’ అని అడిగాను. పేరు చెప్పాడు. ‘ఆయన సొంత డబ్బా?’ అన్నాను. ‘మరి మనదా?’ అని నన్నే అడిగాడు. ఆయన చేసే చాలా కొనుగోళ్ళ మీద పన్ను ఉందని, అగ్గిపెట్టె మీద కూడా ఉందని చెప్పాను. ఆయన నమ్మలేదు, జేబులో అగ్గిపెట్టె తీసి చుట్టూ తిప్పి చూశాడు.

మన పిల్లల సంగతి ఇంకో రకం. 2004 సెప్టెంబరు 1న గానీ తరువాత గానీ కొలువులో చేరినవారికి మన పెన్షను విధానం వర్తించలేదు. తండ్రీ కొడుకూ ఒకే శాఖ, ఇద్దరికీ రెండు రకాల ముసలితనం. వాళ్ళ సభలకు మనం వెళ్ళాలి. ‘మాకు వస్తున్నది కదా’ అని ఇంట్లో కూర్చుంటే నకారా గారి పేరు ఎత్తే అర్హత మనకు ఉండదు. ఆయన తన ఒక్కడి కోసమే పోయి ఉంటే ఆ తీర్పు మన దాకా వచ్చేది కాదు.

ఇక మనవలూ మనవరాళ్ళూ. మీలో పద్దెనిమిది దాటినవారు చేతులెత్తమంటే ఇందాక చాలామంది ఎత్తారు. ఓటర్ల జాబితాలో పేరున్నవారు ఎత్తమంటే సగం చేతులు దిగిపోయాయి. మా రోజుల్లో ఇరవై ఒకటి నిండేదాకా ఆగవలసి వచ్చింది. 1989 మార్చి నుంచి పద్దెనిమిదికే ఓటు. మా ఇళ్ళలో ఓటు రాకముందే గుర్తు వచ్చేదని చెప్పాను. మీ ఇళ్ళలో గుర్తు రుద్దేవాళ్ళు లేరు, అది మంచిదే. మీ ఫోను రుద్దుతోంది. తాత అయితే ఎదురు చెప్పవచ్చు, పోట్లాడవచ్చు, అలిగి అన్నం మానేయవచ్చు. ఫోనుతో అలగడం కుదరదు. కనుక ఎవరి మాట విన్నా, ఊళ్ళో ఒకసారి గ్రామసభకో వార్డు సభకో వెళ్ళి చివరిదాకా కూర్చుని రండి. విసుగు పుడుతుంది. మురుగు కాలువ గురించి గంట మాట్లాడతారు. కానీ ఆ కాలువకు ఎంత మంజూరయింది, ఎంత ఖర్చయింది అని ఒక్క ప్రశ్న వేసి చూడండి. నలుగురు తల తిప్పి మీ వైపు చూస్తారు.

చివరగా పని సంగతి. ఇప్పుడు ఏడాదికి ఒక్కసారి కాదు, జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు ఒకటో తేదీలు నాలుగూ అర్హత తేదీలే. పదిహేడు నిండినవారు ముందుగానే దరఖాస్తు పెట్టుకోవచ్చు. కొత్త పేరుకు ఫారం 6, ఇల్లు మారినా తప్పులు దిద్దాలన్నా ఫారం 8. మన పెద్దవాళ్ళు కూడా, పిల్లల దగ్గరికి ఊళ్ళు మారినవారు ముఖ్యంగా, జాబితాలో తమ పేరు ఉందో లేదో ఒకసారి చూసుకోండి. 2024 ఎన్నికల్లో ఎనభై అయిదు దాటినవారికి ఇంటి దగ్గరే ఓటు వేసే వీలు కల్పించారు. జాబితాలో పేరుంటేనే ఆ సౌకర్యం.

వచ్చే ఆదివారం ఉదయం పది గంటల నుంచి సంఘం కార్యాలయంలో నేనూ, ఇంకో ఇద్దరు మిత్రులూ ఫారాలు పెట్టుకుని కూర్చుంటాం. ఫొటో, వయసు రుజువు, చిరునామా రుజువు తెచ్చుకోండి. కుర్చీలు కావలసినన్ని ఉన్నాయి. మేము నింపిపెట్టం, పక్కన కూర్చుని చెబుతాం, ఎవరి ఫారం వాళ్ళే నింపుకోవాలి. అందులో బంధువు పేరు రాసే గడి ఒకటుంది. అక్కడ తండ్రి పేరే రాయాలని ఎక్కడా లేదు. అమ్మ పేరు రాస్తానని ఏ మనవరాలైనా అంటే, ఫారంలో ఆ వీలుంది, తాతయ్యలు అడ్డు చెప్పకండి.